తిరిగి వస్తానన్న మాట

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఈ హాస్టల్ అన్నం తిని, ఇక్కడి ట్యూబ్‌లైటు కింద చదివి ఎం.ఏ. చరిత్రలో సీటు తెచ్చుకున్నాను. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో ఒక సంఘటన చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అది 1942. ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో, దాని పక్కనున్న కొరెగిడార్ దీవిలో అమెరికా, ఫిలిప్పీన్స్ సైనికులు జపాన్ ముట్టడిలో చిక్కుకున్నారు. తిండి సగానికి తగ్గింది. మలేరియా పట్టుకుంది. చివరికి గుర్రాలను కూడా కోసుకు తిన్నారు. మార్చి 11 రాత్రి వారి సేనాని జనరల్ మెకార్థర్ భార్యతో, నాలుగేళ్ళ కొడుకుతో పడవెక్కి వెళ్ళిపోయాడు. ఆస్ట్రేలియా చేరి "నేను తిరిగి వస్తాను" అని ప్రకటించాడు. ఆ ఏడాదే ఆయనకు అమెరికా అత్యున్నత సైనిక పతకం దక్కింది.

ఏప్రిల్ 9న బటాన్ లొంగిపోయింది. సుమారు 75 వేల మంది బందీలయ్యారు. వారిని మండుటెండలో దాదాపు 100 కిలోమీటర్ల దూరం తరలిస్తే వేలమంది దారిలోనే ప్రాణాలు విడిచారు. మే 6న కొరెగిడార్ కూడా పడిపోయింది. మెకార్థర్ స్థానంలో మిగిలిన జనరల్ వెయిన్‌రైట్ మూడేళ్ళకు పైగా చెరలో ఎముకలగూడయ్యాడు.

మెకార్థర్‌ది పిరికితనమా? వెళ్ళమని ఆజ్ఞాపించింది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. ఉండిపోతే బందీల్లో మరొకడు చేరేవాడు, అంతే. పైగా 1944 అక్టోబరు 20న ఆయన లెయితే దీవిలో దిగి మాట నిలుపుకున్నాడు. అయినా ఆకలితో ఉన్నవాడికి ఈ లెక్కలు ఎలా చెప్పగలం?

నా సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం ట్రంకుపెట్టె మోసుకుంటూ గేటు దాటిన రోజున, ఇంటర్ తమ్ముళ్ళు బస్టాండు దాకా వచ్చారు. "అన్నా, మాకు ఇంగ్లీషు ఎవరు చెప్తారు?" అన్నారు. "నెలకో ఆదివారం వస్తాను రా" అన్నాను. ఒక్క ఆదివారమూ రాలేదు. వారిలో ఒకడు ఇంగ్లీషు తప్పి, చదువు మానేసి, తాపీపనికి పోతున్నాడని ఈమధ్యే తెలిసింది.

నన్ను వెళ్ళమన్నది మా నాన్న. వెళ్ళడం తప్పు కాదు. తిరిగి రాకపోవడమే తప్పు. ఆ జనరల్‌ను వేలెత్తి చూపే అర్హత నాకు లేదు. ఆయన ఆలస్యంగానైనా వచ్చాడు.

వచ్చే ఆదివారం వస్తాను తమ్ముళ్ళూ. ముందు ఆ తాపీపని తమ్ముడి ఇంటికి వెళ్ళి, వాణ్ణి వెంటబెట్టుకుని వస్తాను. తప్పించుకునే వీలు లేకుండా ఈ మాట అచ్చులో పెడుతున్నాను.