నడుం లోతు నీళ్లలో ఒక్కడే...

గూడూరు అనగానే రైల్వే జంక్షనూ, నిమ్మకాయల మార్కెట్టూ గుర్తొస్తాయి. రోజంతా రైలు కూతలు, లారీల హారన్లు, వేలంపాట కేకలు! ఆ హడావుడి వదిలి కోట, వాకాడు మీదుగా తూర్పుకి వెళ్లండి. మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి సొంతూరు వాకాడు దాటాక సందడి పలచబడుతుంది. రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు, ఆ తర్వాత ఇసుక. తూపిలిపాళెం బీచ్‌కి ఆదివారం పూట పిల్లాపాపలతో వచ్చినవాళ్లు అలల్లో ఆడుకుని, 'అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో' అనుకుని చీకటి పడేలోపు వెళ్లిపోతారు. ఆ ప్రశాంతతలోకి రోజూ పనికి వెళ్లేవాళ్లు వేరే ఉన్నారు. తెల్లారకముందే వాళ్లు వేటకి బయల్దేరతారు.

ఒకప్పుడు ఈ తీరమంతా తెప్పలే. నాలుగైదు దుంగల్ని తాళ్లతో బిగించి కడితే అదే తెప్ప. ఇంగ్లిషువాళ్ల 'కటమరాన్' కూడా తమిళుల కట్టుమరం నుంచి వెళ్లిన మాటే. దాని మీద ఒకరో ఇద్దరో వెళ్లేవారు. ఒడ్డు కనుమరుగయ్యాక చుట్టూ నీళ్లు, పైన ఆకాశం. తాటిచెట్ల వరసను బట్టి ఊరెటో పోల్చుకోవాలి. నీటి రంగు చూసి చేప ఉందో లేదో అంచనా కట్టాలి. గాలి మారితే వల వదిలేసి రావాలా, ఇంకాసేపు ఆగాలా... అదీ తనే తేల్చుకోవాలి. సలహా చెప్పేవాళ్లు లేరు, తప్పయితే తిట్టేవాళ్లూ లేరు. తాను ఎంత పిరికివాడో, ఎంత మొండివాడో మీసాలు రాకముందే కుర్రాడికి తెలిసిపోయేది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ తర్వాత తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు పెరిగాయి. వాటిలో నలుగురైదుగురు కలిసి వెళ్తారు. ఇంజిను హోరు ఉంటుంది, జీపీఎస్ ఉంటుంది, కొంతదూరం దాకా సెల్‌ఫోనూ పలుకుతుంది. ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్లకు కాస్త ధైర్యం. తెప్పే బాగుండేదని బెంగపడటం ఒడ్డున కూర్చున్నవాళ్ల ముచ్చట!

అయినా ఒంటరి వేట పూర్తిగా పోలేదు. దాన్ని చూడాలంటే సముద్రాన్ని వదిలి సరస్సు దగ్గరికి వెళ్లాలి. గూడూరు నుంచి చెన్నై రోడ్డున సూళ్లూరుపేట చేరి, శ్రీహరికోట వైపు తిరిగితే దారికి రెండు పక్కలా పులికాట్. చిలికా తర్వాత మన దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. చూపు ఆనని ఇంత నీరూ చాలాచోట్ల నడుం లోతు కూడా ఉండదు. ఒడ్డుకి ఎంతో దూరంలో ఓ మనిషి నిలబడి కనిపిస్తాడు. కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు గానీ, అతను రొయ్యలు పడుతున్నాడంతే!

యానాదులకు ఈ పనికి వల కూడా అక్కర్లేదు. బురదలో కాళ్లూ చేతులూ తడుముకుంటూ వెళ్తారు. రొయ్య కదిలిందా, ఒడిసిపట్టి బుట్టలో వేసుకుంటారు. ధ్యాసంతా వేళ్ల కొసల్లోనే. గంటల తరబడి ఒక్క మాటా ఉండదు. ఇలాంటి ఏకాగ్రత కోసం పట్నాల్లో శిబిరాలకు ఫీజు కడుతున్నారు. ఇక్కడ అది కూలి పని, బుట్ట నిండితేనే ఆ పూట గంజి. శ్రీహరికోట అడవి ఒకప్పుడు వీళ్లదే. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నాక చాలా కుటుంబాలు చోటు మారాల్సి వచ్చింది. ఇప్పుడు రాకెట్ ఎగిరే రోజుల్లో సముద్రంలోకి వెళ్లొద్దని జాలర్లకు ముందే హెచ్చరిక అందుతుంది.

ఈ వేటకి అసలు ముప్పు రాకెట్టు కాదు, ఇసుక. రొయ్య సముద్రంలో గుడ్డు పెడుతుంది. పిల్ల సరస్సులోకి ఈదుకొచ్చి పెరుగుతుంది. వాకాడు మండలంలోని రాయదొరువు ముఖద్వారం పూడుకుపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. పూడిక తీయించండని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. మండు వేసవిలో ఉత్తరపు భాగం ఎండి, ఉప్పు పొర తేలి, తెల్లటి మైదానమైపోతుంది. సముద్రంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ కాలానికిచ్చే భృతిని 2025లో ప్రభుత్వం 20 వేల రూపాయలకు పెంచింది. కానీ సరస్సులో రొయ్య లేకపోతే? చెన్నైలో కూలి పనో, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీయో వెతుక్కోవాలి. అక్కడ నెల తిరిగేసరికి జీతం ఖాయం. నీళ్ల మీద నేర్చిన విద్యతో మాత్రం పనుండదు.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ దారిన కార్లు వరసగా ఆగుతాయి. కారణం ఫ్లెమింగోలు. అవీ అదే బురదను కాళ్లతో కెలుకుతూ తిండి వెతుక్కుంటాయి. పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు ఫొటోలు తీస్తారు. గులాబీ రంగు గుంపుకి వెనక, బాగా దూరంగా, ఓ నల్లటి చుక్క కూడా ఫొటోలో పడుతుంది. ఇంటికెళ్లి చూసుకున్నప్పుడు అది కూడా పక్షేననుకుంటారు.