వేలెత్తి చూపని పాప

రెండేళ్లు నిండినా పిల్లాడికి మాటలు రాలేదంటే... యానాంలోనైనా, వారధి దాటి ఎదుర్లంకలోనైనా పెద్దవాళ్లు అనే మాట ఒకటే. ‘వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే, కంగారెందుకు?’ అని. నాయనమ్మ వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తుంది. అమ్మమ్మ మీసాల వెంకన్నకు మొక్కుకుంటుంది. మూడో ఏడూ గడిచాక మాట మారుతుంది. ‘చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి కూర్చోబెడితే ఇంతే’, ‘ఉద్యోగంలో పడి పిల్లాణ్ని పట్టించుకోలేదు’... వేళ్లన్నీ తల్లివైపే!

ఈ నింద మన గోదారి గట్టున పుట్టింది కాదు. ఒకప్పుడు పెద్దపెద్ద డాక్టర్లే అన్నారీ మాట. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం పేరు లోకానికి తెలిసింది. ఆ తర్వాత చాలాకాలం, తల్లి ప్రేమగా లేకపోవడమే దానికి కారణమని నమ్మారు. ‘ఫ్రిజ్ లాంటి తల్లులు’ అని పేరు కూడా పెట్టారు.

అది తప్పని నిరూపించడానికి పాటుపడినవారిలో ఓ తల్లి ఉన్నారు. పేరు లోర్నా వింగ్. 1928లో ఇంగ్లండులో పుట్టారు. వైద్యం చదివి సైకియాట్రిస్టు అయ్యారు. భర్త జాన్‌దీ అదే వృత్తి. 1956లో వాళ్లకి సూసీ పుట్టింది. ఒకసారి రైల్లో వెళ్తుంటే పక్కన మరో తల్లి ఒళ్లో సూసీ ఈడు పసివాడు కనిపించాడు. కిటికీలోంచి గొర్రెల్ని వేలితో చూపిస్తూ, ‘చూశావా!’ అన్నట్టు తల్లి మొహంలోకి చూస్తున్నాడు. సూసీ ఎన్నడూ అలా చేయలేదని లోర్నాకి అప్పుడు తట్టింది. గుండె ఝల్లుమంది. ఇద్దరూ మనసు డాక్టర్లే అయినా, సొంత బిడ్డకున్నదేమిటో వెంటనే తెలియలేదు. ఒక ఉపన్యాసంలో ఆటిజం లక్షణాలు విన్నాకే జాన్‌కి విషయం అర్థమైంది.

ఆ తర్వాత లోర్నా చదువంతా అటే మళ్లింది. 1962లో మరికొందరు తల్లిదండ్రులతో కలిసి సంఘం పెట్టారు. మూడేళ్లకు ఆ సంఘమే ఆటిజం పిల్లల కోసం బడి తెరిచింది. 1970ల్లో సైకాలజిస్టు జుడిత్ గౌల్డ్‌తో కలిసి లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతంలో 15 ఏళ్లలోపు పిల్లల మీద అధ్యయనం చేశారు. కానర్ చెప్పిన లక్షణాలు అచ్చంగా ఉన్నవాళ్లు పదివేలమందిలో అయిదుగురే. కానీ నలుగురితో కలవడంలో అలాంటి ఇబ్బందే పడుతున్నవాళ్లు ఇరవై మందికి పైగా తేలారు! ఆ మిగిలినవాళ్లకి అప్పటిదాకా సరైన పేరూ లేదు, తగిన సాయమూ లేదు.

అందుకే ఆటిజం ఒక గిరిగీసిన గడి కాదన్నారామె. ఇంద్రధనుస్సులో ఒక రంగు ఎక్కడ ఆగుతుందో, ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం కదా... ఇదీ అంతే. ఇవాళ డాక్టర్లు రాసే ‘ఆటిజం స్పెక్ట్రమ్’ అన్న మాట వెనక ఉన్న ఆలోచన అదే. 1944లో హాన్స్ ఆస్పెర్గర్ జర్మన్‌లో రాసిన సంగతుల్ని 1981లో ఇంగ్లిషు పాఠకులకు పరిచయం చేసిందీ ఆమే.

మన దగ్గర ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. 2016 చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. మన పిల్లల్ని కొలవడానికి మనకంటూ ఒక కొలబద్ద ఉండాలి కదా? దాన్ని తయారుచేసింది సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. అందులో 40 అంశాలుంటాయి. ఆటిజం ధ్రువపత్రం ఇవ్వాలంటే డాక్టర్లు చూసేది ఆ మార్కులే.

సూసీ 2005లో, లోర్నా 2014లో కన్నుమూశారు. తల్లి ఎంత పరిశోధించినా కూతురి ఆటిజం పోలేదు. దాన్ని పోగొట్టే మందు ఇప్పటికీ లేదు. కానీ తర్వాతి తల్లులకు ‘తప్పు నీది కాదు’ అని చెప్పే డాక్టర్లు వచ్చారు. శిక్షణ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలన్నదీ తెలిసింది.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకి కూడా వేలెత్తి ఏదీ చూపించకపోయినా ‘చూద్దాంలే’ అనకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. అది ఆటిజం కాకపోతే సంతోషమే. అయితే మాత్రం... ఆ ఇంట్లో అందరికంటే ముందు ధైర్యం చెప్పాల్సింది అమ్మకే!