పీరియడు లెక్కన జీతం, కిటికీ అవతల నది

మా ఖుర్సీపార్‌లో ఉద్యోగానికి ఒకటే కొలత: ప్లాంటు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకున్న కుటుంబాలు ఇక్కడ బోలెడు. గేటు పాసు, క్వార్టరు, రిటైరైతే చేతికొచ్చే సొమ్ము ఉంటే అది ఉద్యోగం. లేకపోతే కుర్రాడు ‘ఏదో చేస్తున్నాడు’. ఈ కొలతకు అస్సలు అందనివాడు ‘అతిథి వ్యాఖ్యాత’. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ కళాశాలల్లో ఇతనికిచ్చేది జీతం కాదు, కాలఖండ్ (పీరియడు) లెక్కన మాన్‌దేయ్, అంటే గౌరవ వేతనం. చెప్పిన పీరియడుకే డబ్బు. వేసవిలో పీరియడ్లుండవు కనక వేసవిలో అతను లెక్చరరే కాదు. పెళ్ళిళ్ళలో కనబడితే చాలు, “పర్మినెంటు ఎప్పుడవుద్ది బావూ?” అని పెద్దలు నిలేస్తారు. పీహెచ్‌డీ చేసినవాడు కూడా ప్లేటు పట్టుకుని నవ్వి ఊరుకోవాలి.

ఇలాంటి మనిషికి దొరికిన అద్భుతలోకం గురించి నాకు తెలిసిన మంచి నవల మా ఇరుగుపొరుగుదే. రాజ్‌నాంద్‌గావ్‌లో పుట్టి, రాయ్‌పూర్ వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పిన వినోద్ కుమార్ శుక్ల 1997లో అచ్చు వేయించిన హిందీ నవల ‘దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ’ (గోడలో ఒక కిటికీ ఉండేది). దానికి 1999లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కథానాయకుడు రఘువర్ ప్రసాద్ చిన్న ఊళ్ళో లెక్కల లెక్చరరు. ఉండేది ఒక్క గదిలో. టెంపో కోసం రోడ్డు మీద నిలబడి కాలేజీకి పోతుంటాడు. ఒక సాధువు ఏనుగు మీద ఎక్కించుకుపోవడం మొదలుపెడతాడు. ఆ గది గోడకో కిటికీ. భార్య సోన్సీతో కలిసి ఆ కిటికీ దాటితే నది, చెరువులు, టీ కాచి ఇచ్చే ముసలమ్మ.

పేదవాడు కలల్లోకి పారిపోవడమని దీన్ని కొందరు చదువుతారు. నేనొప్పుకోను. పారిపోయినవాడు వెనక్కి రాడు. వీళ్ళు వెళ్ళి స్నానం చేసి, టీ తాగి, మళ్ళీ గదిలోకొచ్చి పడుకుంటారు. తెల్లారితే ఆయన క్లాసుకు పోవాలి. ఆ లోకంలో గెలవాల్సిన రాజ్యం లేదు, చంపాల్సిన రాక్షసుడూ లేడు. యుద్ధం లేకుండా అద్భుతలోకాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో ఈ తరహా నవలలు నాలుగు చదివినవాళ్ళకు తెలుస్తుంది.

యుద్ధాలతో నిలబెట్టిన మహానుభావుడూ అధ్యాపకుడే. టోల్కీన్ 1925 నుంచి ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు. అంత పర్మినెంటు ఉద్యోగంలో ఉండి కూడా నలుగురు పిల్లల సంసారం ఈదడానికి వేసవిలో బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దేవాడు. ఎవరో విద్యార్థి పుణ్యాన ఒక తెల్లకాగితం మిగిలితే దానిమీద ‘హాబిట్’ నవల తొలి వాక్యం పడింది. ఈ ముచ్చట ఆయన తనే చెప్పుకున్నాడు. పేపర్లు దిద్దిన ఎవరికైనా ఆ ఖాళీ పేజీ ఇచ్చే ఊరట తెలుసు. ఇలాంటి లోకాలు తీరిక వల్ల పుడతాయని జనం అనుకుంటారు. నాకైతే విసుగు వల్లే పుడతాయనిపిస్తుంది.

ఆటల్లోకి ఈ లోకాలల్లే విద్యను తెచ్చిన మొదటివాళ్ళలో ఒకడు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ చెప్పిన ఎం.ఎ.ఆర్. బార్కర్. ఉర్దూ నేర్చుకునేవాళ్ళకు 1967 నాటి ఆయన పాఠ్యపుస్తకం తెలుసు. ఆటగాళ్ళకు టేకుమెల్ తెలుసు: భాష, లిపి, దేవుళ్ళు, రాజవంశాలతో సహా ఆయన చిన్నప్పటినుంచీ అల్లుకున్న లోకం. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రాభినయ ఆట వచ్చిన మరుసటేడు, 1975లో, ఆ ఆటను వేసిన కంపెనీయే ఈ లోకాన్నీ ఆటగా అచ్చువేసింది. యూరప్ కోటలూ గుర్రాలూ వదిలి మన దక్షిణాసియా వాసన తగిలించాడని నాకు ఆయనంటే ముచ్చటగా ఉండేది. 2022లో, ఆయన పోయిన పదేళ్ళకు, మారుపేరుతో నాజీ అనుకూల నవల రాసింది ఆయనేనని ఆయన లోకాన్ని చూసుకునే సంస్థే ఒప్పుకుంది. ఇన్ని భాషలు, ఇంతమంది దేవుళ్ళు, చివరికి ఇదీ! ఆ ముచ్చట అక్కడితో సరి.

మన తెలుగులో చూస్తే విశ్వనాథ సత్యనారాయణ గారు బందరు, గుంటూరు, బెజవాడ, కరీంనగరం తిరిగి కాలేజీల్లో చెప్పినవారు. ‘హాహా హూహూ’లో గుర్రం తల గంధర్వుణ్ణి తీసుకెళ్ళి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడేశారు. వాడితో మాట్లాడాలంటే సంస్కృతం వచ్చినవాడే గతి. మేష్టారి కసి ఎంత హాయిగా తీరిందో! చదువుకు ఎవరూ కాసు విలువివ్వని రోజుల్లో ఒక సామ్రాజ్యం మొత్తం పండితుడి కోసం పరిగెత్తింది, కథలోనైనా.

ఖుర్సీపార్ నుంచి దుర్గ్ దాటి పోతే రాజ్‌నాంద్‌గావ్. అక్కడి దిగ్విజయ్ కాలేజీలో 1958లో, భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలగడానికి ఒక ఏడాది ముందు, నలభై ఏళ్ళ వయసులో లెక్చరరుగా చేరినవాడు హిందీ కవి గజానన్ మాధవ్ ముక్తిబోధ్. అప్పటిదాకా బడిపంతులు, రేడియో, పత్రిక, ఏదీ కుదురుగా సాగలేదు. ఆయన రాసిన ‘బ్రహ్మరాక్షసుడి శిష్యుడు’ కథ ప్రతి అతిథి వ్యాఖ్యాతకూ చదివి వినిపించాలి. ఒక పెద్ద భవనంలో గురువు పన్నెండేళ్ళు చదువు చెబుతాడు. ఆఖరి రోజు భోజనంలో నెయ్యి కావాల్సొస్తుంది. గురువు కూర్చున్న చోటునుంచి లేవడు; చెయ్యి మాత్రం సాగి సాగి వంటింట్లోకి పోయి నేతిగిన్నె తెస్తుంది. తనకొచ్చిన విద్య తగిన శిష్యుడికి ఇవ్వలేక దయ్యమైపోయిన పండితుడతను, ఇచ్చేశాక విముక్తి. సెషన్ అవగానే కాగితం చేతిలో పెట్టి పంపించే కాలేజీల్లో ఎన్ని పాఠాలు అలా సగంలో ఆగి ఉంటాయో!

ముక్తిబోధ్ ఫాంటసీని తేలిక సరుకనుకోలేదు. అనుభవం రచనగా మారే దారిలో అదొక మెట్టని వాదించాడు. కానీ ఇల్లు గడవడానికి ఒక పాఠ్యపుస్తకం కూడా రాయాల్సొచ్చింది, భారతదేశ చరిత్ర, సంస్కృతుల మీద. 1962లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రెండేళ్ళకే, తొలి కవితా సంపుటి చూసుకోకుండానే, ఆయన పోయారు. నేతిగిన్నె కోసం చెయ్యి చాచిన దయ్యాన్ని మాత్రం ఏ సర్కారూ సంజాయిషీ అడగలేదు.