ఫిల్టర్ బరువు

3 మార్చి 2024, ఆదివారం, నందిగామ

మీటరు: 98,412.

బాలెనో ఆర్ఎస్ మార్కెట్లోకి వచ్చి ఇవాళ్టికి సరిగ్గా ఏడేళ్లు. 8.69 లక్షలు, ఢిల్లీ షోరూం ధర. అప్పుడు పేపర్లో బొమ్మ చూసి, పేపరు మడిచి, స్కూటీ తాళాలు తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయా. 2020 జనవరిలో, బీఎస్6 రాకముందే, ఆ మోడల్ ఆపేశారు. ఆపేశాక నాకు దొరికింది. 31 వేలు తిరిగిన నీలం బండి, బెజవాడలో.

998 సీసీ, మూడే సిలిండర్లు, టర్బో. 102 పీఎస్. బరువు 950 కిలోలు. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. మా అత్తయ్యకి మాత్రం ఇది "నీలం మారుతి". పచ్చడి జాడీ పడుతుందా లేదా అన్నదే ఆవిడ లెక్క. పడుతుంది.

తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. నా పుట్టినరోజు బహుమతి అట, ఎర్రటి కాటన్ ఎయిర్ ఫిల్టర్. కాగితం ఫిల్టర్ లాగి పారేయబోతుంటే నేనే తీసి కవర్లో పెట్టుకున్నా. వాడే స్వయంగా బిగించాడు. "ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటదే అక్కా!" అన్నాడు. అనాసాగరం దాకా ఓ రౌండు కొట్టాం. పికప్ పెరిగిందో లేదో చెప్పలేను. టర్బో ఈల మాత్రం పెరిగింది. చెవికి ఎక్కువ వినిపిస్తే కాలికి ఎక్కువ వచ్చినట్టే ఉంటుంది, ఏం చేస్తాం.

22 మార్చి, శుక్రవారం

టైర్లు. కంపెనీ సైజు 195/55 ఆర్16. షాపాయన 205/55 వేయించుకోమన్నాడు. "గ్రిప్పు, లుక్కు రెండూ వస్తాయి మేడం." అక్కడే నిలబడి లెక్క వేశా. వ్యాసం 621 మిల్లీమీటర్ల నుంచి 632 అవుతుంది. 1.8 శాతం. మీటరు ఇన్నేళ్లుగా ఏ లెక్కలో ఉందో ఆ లెక్క తప్పుతుంది. చక్రం బరువూ పెరుగుతుంది. పాత సైజే వేయించి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించుకుని వచ్చేశా. ఆయన మొహం చిన్నబోయింది.

18 ఏప్రిల్, గురువారం

మధ్యాహ్నం ల్యాబ్‌లో శాంపిల్స్ రావడం ఆలస్యమైంది. ఆ గంటలో నా సొంత పని చేసుకున్నా.

సిమెంటు ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుని. రోజంతా నా చేతికొచ్చేది పొడే. సున్నపురాయి పొడి, క్లింకర్ పొడి, సిమెంటు పొడి. జగ్గయ్యపేట చుట్టూ భూమి కింద సున్నపురాయి ఉంది కాబట్టే ఈ చిమ్నీలన్నీ ఇక్కడ మొలిచాయి. బండి అద్దం మీద తెల్లగా పేరుకునేది అదే అని, ఇంజిన్‌ని తినేసేది కూడా అదే అని మూడేళ్లుగా నా నమ్మకం.

పొద్దున పార్కింగ్‌లోనే బానెట్ ఎత్తి, ఫిల్టర్ తర్వాత టర్బోకి పోయే పైపు ఊడదీశా. లోపలి గోడని తెల్లటి ఫిల్టర్ పేపర్‌తో తుడిచా. వేలంత వెడల్పున బూడిదరంగు చార. తమ్ముడి బహుమతి వేశాక తిరిగింది 2,600 కిలోమీటర్లే.

ల్యాబ్‌కి వెళ్లి, కవర్లో దాచిన పాత కాగితం ఫిల్టర్ తూచా. 251 గ్రాములు. స్టోర్స్‌లో కొత్తది 212 ఉంది. అంటే 39 గ్రాములు పేట రోడ్డు దుమ్ము. మడతల్లోంచి ఒక గ్రాము దులిపి, వాచ్ గ్లాస్‌లో వేసి, పలచన హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోశా. బుస్సున పొంగింది. సున్నపురాయే, ఇందులో అనుమానం లేదు. పొంగు ఆగాక కడిగి, ఆరబెట్టి, మిగిలింది తూచా. 0.38 గ్రాములు.

ఆ మిగిలినదాంట్లో చిటికెడు రెండు గాజు స్లైడ్ల మధ్య పెట్టి రాశా. కిర్రుమంది. పళ్లు జివ్వుమన్నాయి. లైటు కింద పెట్టి చూస్తే గాజు మీద సన్నని గీతలు.

సున్నపురాయి గాజుని గీయలేదు. మోస్ లెక్కలో దాని గట్టిదనం 3, గాజు 5.5. గీసింది క్వార్ట్జ్, 7. అంటే ఇసుక. టార్పాలిన్ కప్పకుండా పోయే ఇసుక లారీల వెనక రోజూ నేను పీల్చే ఇసుక. మా ఫ్యాక్టరీని మూడేళ్లు ఊరికే తిట్టుకున్నా. సిలిండర్ గోడని గీకే మొనగాడు వేరే ఉన్నాడు.

సాయంత్రం పైపు శుభ్రంగా తుడిచి కొత్త కాగితం ఫిల్టర్ వేశా. ఎర్ర ఫిల్టర్ బీరువా పైన పెట్టా. తమ్ముడికి చెప్పలేదు.

5 మే, ఆదివారం

రాత్రి తొమ్మిదింటికి కూడా గోడ ముట్టుకుంటే కాలుతోంది. వేసవిలో వాతావరణ శాఖ లెక్కల్లో మా నందిగామ పేరు వినిపిస్తే బయటి ఊళ్ల చుట్టాలు ఫోన్ చేసి పరామర్శిస్తారు. మాకు అదొక ఘనత.

తమ్ముడి ఫోన్. ఈసారి రీమ్యాప్. "యూరప్‌లో ఇదే ఇంజిన్ 111 ఇస్తదక్కా. మనకి కట్టేసి పంపారు. ల్యాప్‌టాప్ పెడితే గంటలో విప్పేస్తారు." ఎగ్జాస్ట్ కూడా మారిస్తే "సౌండు మామూలుగా ఉండదు" అట.

సౌండు మామూలుగా ఉండదు కాబట్టే కదరా భయం అన్నా. బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్ట సవరణలో సెక్షన్ 182ఎ వచ్చింది. యజమాని చట్టం ఒప్పుకోని విధంగా మారిస్తే ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చదివి వినిపించా. వాడు కాసేపు ఊరుకుని, "నువ్వు మరీ టీచర్ పెళ్లానివి అయిపోయావే," అన్నాడు. పక్క గదిలో మా టీచర్‌గారు నవ్వడం వినిపించింది.

అసలు కారణం చట్టం కాదు, ఎండ. వేడిగాలి పలచన. టర్బో దాన్నే కుక్కి పంపాలి, ఇంటర్‌కూలర్‌కి తగిలే గాలీ సెగే. కంప్యూటర్ తట్టుకోలేక స్పార్క్‌ని వెనక్కి లాగుతుంది. ఉన్న గుర్రాలే నీడకి పోతుంటే కొత్తవి కట్టడం ఎందుకు? ఇంటి నుంచి ఫ్యాక్టరీ గేటుకి 35 కిలోమీటర్లు. 1,700 ఆర్పీఎం దగ్గరే 150 న్యూటన్ మీటర్లు అందుతాయి. చిల్లకల్లు టోల్ దాటాక బూడిద ట్యాంకర్ని దాటాలంటే గేరు కూడా దించక్కర్లేదు. కాలి కింద చిన్న ఒత్తిడి, ఆ ఈల, ట్యాంకర్ అద్దంలోకి వెళ్లిపోతుంది. నా రోజులో ఆ నాలుగు సెకన్లు నావి. అవి ఇంకా పొడుగు కావాలని లేదు.

గేటు దగ్గర ఆగాక ఒక నిమిషం ఇంజిన్ ఆపను. టర్బో చల్లారాలి, వెంటనే ఆపితే బేరింగ్ దగ్గరి ఆయిల్ అక్కడే మాడుతుంది. సెక్యూరిటీ అతను ఇప్పటికి మూడుసార్లు అడిగాడు, "తాళం చెవి పట్టేసిందా మేడం?" అని.

13 జూలై, రెండో శనివారం

మీటరు: 1,05,960. ముందు ఎడమ వైపు టక్ టక్. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు లేదు, దిగేటప్పుడు ఉంది.

మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లా. బెజవాడ ఆటోనగర్‌లో పదిహేనేళ్లు చేసి వచ్చిన మనిషి. స్కానర్ జోలికి పోలేదు. నన్ను స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని, తను ఫెండర్ మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకున్నాడు. డాక్టరు నాడి చూసినట్టు. "లింక్ రాడ్డు పోయింది. లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా వచ్చేశాయమ్మాయ్. లక్ష దాటింది కదా, దాని తప్పు కాదులే."

పాలీయురేథేన్ బుష్‌లు వేద్దామా, గట్టిగా ఉంటాయట అన్నా. ఏదో ఒక మార్పు చేయాలన్న దురద నాకూ లేకపోలేదు. చేతిలో పాత రబ్బరు బుష్ తిప్పుతూ అన్నాడు: "బుష్ గట్టిపడితే గుంత దెబ్బ ఎక్కడికి పోద్దనుకున్నావ్? షాకబ్జర్‌కి, అక్కణ్నుంచి నీ నడుముకి. రేసు తోలేవాడు రెండు గంటల్లో దిగిపోతాడు. నువ్వు రోజూ ఎక్కాలి." రబ్బరువే వేశాడు.

ఖర్చు లేకుండా చేయించినవి రెండు: నాలుగు చక్రాలకీ పొడుగు మడ్ ఫ్లాపులు, స్కూటర్ షాపు రబ్బరు షీటు కోసి. ఇంకా ఎయిర్ బాక్స్ క్లిప్పులకి కొత్త స్ప్రింగులు.

కాగితం ఫిల్టర్‌తో 2,600 దాటిన రోజున ఆ పైపునే మళ్లీ తుడిచా. తెల్లకాగితం తెల్లగానే వచ్చింది. డేటు వేసి ఈ పుట మధ్యలో పెట్టుకున్నా.

1 సెప్టెంబర్, ఆదివారం

నిన్నటి నుంచి ఆగని వాన. ఐతవరం దగ్గర హైవే మీదికి మున్నేరు నీళ్లు. నిరుడు జూలైలో కూడా అక్కడే. అటు గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్కన రోడ్డు కోసుకుపోయిందట. బెజవాడకి లేదు, హైదరాబాద్‌కి లేదు. నిన్న సాయంత్రమే బండిని ఈయన స్కూలు మెట్ట మీద పెట్టి వచ్చాం. అత్తయ్య తన మందుల డబ్బా కంటే ముందు దాని సంగతి అడిగింది.

పేట నుంచి మా ల్యాబ్ అబ్బాయి ఫోన్. "మేడం, కార్లో నీళ్లు సీటు దాకా వచ్చి దిగాయి. స్టార్ట్ చేస్తే పైకి తెచ్చుకుంటా." వద్దు, తాళం తిప్పొద్దు, బ్యాటరీ టెర్మినల్ పీకెయ్, నలుగురు కలిసి తోయండి అని అరిచా. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. సిలిండర్లో గ్లాసు నీళ్లున్నా కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అవతల కాసేపు మాట లేదు. తర్వాత చిన్నగా అన్నాడు, "ఒకసారి తిప్పాను మేడం. టక్‌మని ఆగిపోయింది."

ఏం చెప్పను. అతను ఆ కారుకి ఇంకా వాయిదాలు కడుతున్నాడు.

19 నవంబర్, మంగళవారం

పత్తి ట్రాక్టర్లు. హైవే పక్క తుమ్మచెట్లకి తెల్లగా పత్తి పట్టుకుని ఉంది. ఒక పింజె రేడియేటర్ జాలీలో ఇరుక్కుంటే పట్టకారుతో లాగా.

వాషింగ్ షాపు కుర్రాడు బండి మీది సున్నపు మచ్చల్ని పొడిగుడ్డతో రుద్దుతుంటే చేయి పట్టుకుని ఆపా. ఆ మచ్చ కింద ఏముందో ఏప్రిల్ నుంచి నాకు తెలుసు. ముందు నీళ్లు ధారగా పోయాలి, ఇసుక జారిపోవాలి. తర్వాత నీళ్లలో వెనిగర్ కలిపి మెత్తటి గుడ్డతో అద్ది, వెంటనే కడిగేయాలి. మచ్చ కరిగిపోతుంటే వాడు ఇదేదో మంత్రం అనుకున్నాడు. వాడి షాపులో ఇప్పుడు ఒక వెనిగర్ సీసా ఉంది, రేటు ఇరవై రూపాయలు పెరిగింది.

15 జనవరి 2025, బుధవారం, కనుమ

నాలుగు రోజులుగా చిల్లకల్లు టోల్ దగ్గర హైదరాబాద్ కార్ల బారులు. ఆ బారుల్లోంచే తమ్ముడూ వచ్చాడు. గారెలు తినీ తినగానే బండి దగ్గరికి వెళ్లి బానెట్ ఎత్తాడు. నా గుండె గతుక్కుమంది.

"ఇదేంటక్కా, కాగితం?"

తప్పదని నోటుబుక్కు తెచ్చా. ఏప్రిల్ చార ఉన్న కాగితం, జూలై తెల్లకాగితం పక్కపక్కన పెట్టి చూపించా. గీతలు పడ్డ స్లైడు కూడా. కోర్టులో సాక్ష్యం పెట్టినంత ధీమాగా. వాడు చాలాసేపు చూశాడు, కోపం రాలేదు. "నా ఫిల్టర్ ఏది?" అన్నాడు.

బీరువా పైనుంచి దించి ఇచ్చా. దుమ్ము ఊది, కిటికీ వెలుగులో చుట్టూ తిప్పి చూశాడు. ఒక చోట ఆగి నా వైపు తిప్పాడు. రబ్బరు అంచు ఒక మూల లోపలికి మడతపడి ఉంది. ఆ మడత పొడుగునా బూడిదరంగు చార. వేలంత వెడల్పు.

గాలి కాటన్‌లోంచి కాదు, ఆ సందులోంచి పోయింది. "నేనే సరిగ్గా కూర్చోబెట్టలేదక్కా," అన్నాడు.

తొమ్మిది నెలలు బీరువా పైన ఉంది. ఒక్కసారి కూడా అంచు చూడలేదు. ల్యాబ్‌లో ట్రైనీ ఎవరైనా ఇలాంటి రిపోర్టు తెస్తే సీల్ చూశావా అని మొదటి ప్రశ్న నేనే వేస్తా. ఏప్రిల్ పుట మీద ఎర్ర పెన్నుతో "చెల్లదు" అని రాశా. ఇసుక సంగతి చెల్లుతుంది, కాటన్ సంగతి చెల్లదు.

"అయితే మళ్లీ వేద్దామా? అంచు సరిచేసి, 2,600 తిప్పి, మళ్లీ తుడుద్దాం," అన్నాడు.

ఇంజిన్ నాది కదరా అని నోటిదాకా వచ్చింది. ముందు టీ తాగు అన్నా.

సాయంత్రం అత్తయ్యని తిరుపతమ్మ దర్శనానికి పెనుగంచిప్రోలు తీసుకెళ్లాలి. తాళాలు వాడికిచ్చా. హైవే ఎక్కాక ఓ ఇసుక లారీ వెనక పడ్డాం, టార్పాలిన్ లేదు. వాడు దాటబోతూ నా వైపు చూశాడు. అత్తయ్య వెనక సీట్లోంచి, "దాటేయ్ నాయనా, కళ్లలో పడుతోంది," అంది.