బేజారు

మా ముళబాగిలు పక్క తెలుగిళ్ళలో ‘బేజారు’ అనని రోజుండదు. సీరియల్ బాగాలేకుంటే బేజారు, పెండ్లికి పిలవకుంటే బేజారు, మనిషి పోయినా బేజారే. కన్నడంలో మాదిరే మా తెలుగులోనూ విసుగుకు, అలకకు, దుఃఖానికి ఒకటే మాట.

పోయినేడు అక్క కొడుకు ఈ మాటే చెప్తా వచ్చినాడు. పదో తరగతి దాకా నా మాదిరే కన్నడ మీడియం. పీయూసీలో సైన్సు తీసుకుంటే పాఠాలన్నీ ఇంగ్లీషు. మొదటి టెస్టులో ఫిజిక్స్ పోయింది. తర్వాత నిద్ర పోయింది, క్రికెట్ పోయింది. “బేజారుగా ఉండాది నాయనా” అంటే, “ఫోన్ చూసేదానికి లేదే బేజారు?” అని బావ ఫోన్ లాక్కున్నాడు. అమ్మ దిష్టి తీసింది. పొగరు, సోమరితనం, మొండితనం... పిల్లోళ్ళ తప్పులకైతే మా ఇంట్లో మాటలకు కరువు లేదు. (బావను అనేదానికీ లేదు. టమాటా రేటు పడి అప్పుల్లో ఉన్న సంవత్సరం అది.)

ఒక శనివారం రాత్రి తండ్రీకొడుకులు గట్టిగా తగులుకున్నారు. “నేను లేకుంటే మీకంతా నిమ్మళం” అన్నాడు వాడు. “బెదిరిస్తా ఉన్నాడు” అన్నాడు బావ. నేనూ అక్కడే ఉన్నాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. “పని చేయలేదు” అని మాత్రం బగ్ రాస్తే మేము ఒప్పుకోము. ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు, అంతకుముందు ఏం జరిగింది అని అడుగుతాము. వాణ్ణి మేడ మీదికి తీసుకుపోయి అట్లే అడిగినాను. చచ్చిపోవాలని అనిపిస్తుందా అని కూడా నేరుగా అడిగినాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని పెద్దోళ్ళ భయం. అట్ల పుట్టదని, అడగడమే మేలని డాక్టర్లు చెప్తారు. వాడు చానాసేపు గోడ గీకుతా నిలబడి, కన్నడంలో “హౌదు మామా” అన్నాడు.

అప్పుడే 14416కు ఫోన్ చేసినాము. టెలి మానస్ అని, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. రాత్రీ పగలూ ఉచితం, కన్నడంలోనూ తెలుగులోనూ మాట్లాడతారు. తోటకు కొట్టే మందు డబ్బాలు ఇంట్లో నుంచి తీసేసినాము. అక్క వాడి పక్కనే పండుకుంది.

సోమవారం జిల్లా ఆసుపత్రికి పోయినాము. నిద్ర, ఆకలి, ఇష్టమైన ఆటలు రెండు వారాలు దాటి పోతే అది సోమరితనం కాదు, డిప్రెషన్ కావచ్చు అని డాక్టరు బావను కూర్చోబెట్టి చెప్పినాడు.

బావకు ఇంకా సగమే నమ్మకం. పదకొండుకు లైట్ ఆర్పమని ఇప్పుడూ అరుస్తాడు, వాడూ తిరిగి అరుస్తాడు. వాడి గొంతు మళ్ళీ లేచిందని అమ్మకు సంతోషం.