గడప దాకా పలకరింపు

అంటువ్యాధి ప్రబలిన కాలంలో పిల్లలు ఇంటింటికీ తిరిగే పండుగను కుటుంబాలు జరుపుకోవచ్చా అన్న ప్రశ్న 2020లో ఒకదానికొకటి ఎంతో దూరంలో ఉన్న రెండు చోట్ల దాదాపు ఒకే వారంలో తలెత్తింది. అమెరికాలో అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ నాటి సాయంత్రం పిల్లలు వేషాలు కట్టి, ఇరుగుపొరుగు తలుపులు తట్టి మిఠాయిలు అడిగి తెచ్చుకుంటారు కనుక, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా అందరూ ఆ ఏడు పిల్లలను పంపాలా వద్దా అని తర్జనభర్జన పడ్డారు. అంతకు ఆరు రోజుల ముందు, అక్టోబరు 25న వచ్చిన దసరాకు, మహారాష్ట్రలోని షోలాపూర్ నగరంలో కుంఠా నాకా, ఆ చుట్టుపక్కల నేత పేటల్లో ఉండే తెలుగు కుటుంబాలు ‘బంగారం’ పట్టుకుని పెద్దల ఇళ్ళకు వెళ్ళాలా అని తమ వైద్యులను అడిగాయి. తెలంగాణలో జమ్మి ఆకును ఇచ్చినట్టే ఇక్కడ ఆప్టా చెట్టు ఆకును బంగారమని పేరు పెట్టి పెద్దల చేతుల్లో ఉంచి కాళ్ళకు మొక్కుతారు. సంక్రాంతికి పిల్లలు చిన్న డబ్బాలో నువ్వులుండలు, రంగురంగుల చక్కెర హల్వా వేసుకుని గల్లీ గల్లీ తిరిగి ‘తిళగూళ్’ పంచుతారు. హాలోవీన్‌కు ఈ పేటల్లో దగ్గరి పోలిక వెతికితే ఈ తిళగూళే.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ ఇళ్ళు ఎలా ఉంటాయో తెలియాలి. నూరేళ్ళకు పైబడిన కాలంలో కరువులకు, మగ్గానికి గిట్టుబాటు లేక తెలంగాణ పల్లెలను వదిలి, మిల్లుల్లో పని దొరుకుతుందని షోలాపూర్ చేరిన పద్మశాలీలు మిల్లులు మూతపడిన తరువాత పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, టర్కీ తువ్వాళ్ళు నేస్తూ బతుకుతున్నారు. ఆ ఇళ్ళలో ఆడవారిలో చాలామంది కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తెచ్చుకుని ఇంట్లోనే బీడీలు చుడతారు. పని, వంట, పడక అన్నీ ఒకటి రెండు గదుల్లోనే సాగుతాయి. తడిగుడ్డలో చుట్టిన ఆకు గాలికి ఎండితే కత్తిరించేటప్పుడు విరిగిపోతుంది, చాటలోని తంబాకు ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది కనుక, బీడీలు చుట్టే వేళ ఫ్యాను ఆపి, కిటికీ దగ్గరగా వేసి కూర్చోవడం ఇక్కడి అలవాటు. మగవారి ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి దూది నుసి చేరుతుంది. దానివల్ల ఛాతీ బిగపట్టి, ఆయాసం వచ్చే జబ్బును వైద్యశాస్త్రం బిస్సినోసిస్ అంటుంది. ఆడవారికి తంబాకు పొడితో దగ్గు తీరదు. వైరస్ ఈ పేటలోకి రాకముందే ఇక్కడి పెద్దల ఊపిరి సగం అరిగిపోయి ఉంది.

నగరంలో తొలి కోవిడ్ కేసు 2020 ఏప్రిల్‌లో బయటపడినది కూడా తెలుగువారి పేటే అయిన తెలంగీ పాచ్ఛా పేటలో. ఆ వేసవిలో షోలాపూర్‌లో జబ్బు పడినవారిలో చనిపోయేవారి పాలు రాష్ట్ర సగటు కంటే బాగా ఎక్కువగా ఉండేది. జబ్బు ముదిరాక గానీ రోగులు ఆసుపత్రి మెట్లెక్కడం లేదన్నది అప్పట్లో అధికారులూ వైద్యులూ చెప్పిన ప్రధాన కారణం. జూలై 1న ఆషాఢ ఏకాదశికి, ఇదే జిల్లాలోని పండరిపురానికి సంతుల పాదుకలు లక్షల మంది వార్కరీల (పండరి యాత్రికుల) నడకతో కాక బస్సుల్లో వచ్చాయి. పెద్ద పండుగలను ప్రభుత్వం ఆపగలిగింది. గల్లీలో పిల్లవాడు పక్కింటి తలుపు తట్టడాన్ని ఏ ఉత్తర్వూ ఆపలేదు కనుక ఆ నిర్ణయం కుటుంబాల మీదా, వారు సలహా అడిగే వైద్యుని మీదా పడింది.

మొదటి నెలల్లో ఆ సలహా చాలా వరకు వస్తువుల చుట్టూ తిరిగింది. ఆకు ముట్టుకోవచ్చా, నువ్వులుండ ఎవరి చేతితో చేసిందో, కాగితంలో చుట్టి ఇస్తే సరిపోతుందా అని తల్లులు అడిగేవారు, వైద్యులు చేతులు కడుక్కోమని చెప్పేవారు. చేతులు కడుక్కోవడం ఎప్పుడూ మంచిదే. కానీ వస్తువును తాకడం వల్ల ఈ జబ్బు సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో తేల్చి చెప్పింది. జబ్బు ప్రధానంగా గాలిలోనే ప్రయాణిస్తుందన్నది అప్పటికే స్పష్టపడింది. మాట్లాడినప్పుడు, నవ్వినప్పుడు, పాడినప్పుడు నోటి నుంచి వెలువడే అతిసూక్ష్మమైన తుంపరలను ఏరోసోల్ అంటారు. మూసిన గదిలో అవి అగరుబత్తి పొగలా తేలుతూ పేరుకుంటాయి, ఆరుబయట చెదిరిపోతాయి. కనుక అడగవలసింది పిల్లవాడి డబ్బాలో ఏముంది అన్నది కాదు, ఆ పిల్లవాడు గడప ఇవతల నిలబడ్డాడా, లోపలికి వెళ్ళి కూర్చున్నాడా అన్నది.

ఆ దసరా తరువాతి వారంలో కుంఠా నాకా ప్రాంతపు క్లినిక్‌కు వచ్చిన ఒక కుటుంబం కథ ఈ తేడాను పట్టి చూపిస్తుంది. పవర్‌లూమ్ మీద రాత్రి పాళీ చేసే యువకుడు పండుగ నాడు ఒళ్ళు నొప్పులు అనిపించినా అది రాత్రి మేలుకున్న బడలికే అనుకుని, ఆకులు పట్టుకుని బంధువుల ఇళ్ళకు వెళ్ళాడు. ఎక్కువ ఇళ్ళలో వాకిట్లోనే నిలబడి ఆకు ఇచ్చి, మొక్కి, వచ్చేశాడు. పెద్దమ్మ ఇంట్లో మాత్రం ఆమె చాయ్ తాగి పొమ్మంటే కాదనలేక లోపల కూర్చున్నాడు. ఆమె మాట్లాడుతూనే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టింది, ఫ్యాను ఆపి ఉంది, మాస్కు చాయ్ కోసం గడ్డం కిందికి దిగింది. మర్నాటికి అతనికి జ్వరం తగిలింది, నాలుగైదు రోజులకు ఆమెకూ. వాకిట్లో పలకరించిన ఇళ్ళ నుంచి ఎవరూ జ్వరంతో రాలేదు. లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే రోగి ఇతరులకు అంటించగలడు. సోకిన తరువాత జబ్బు బయటపడే వరకు పట్టే వ్యవధి తొలి రకం వైరస్‌కు సుమారు అయిదు రోజులు. ఈ రెండూ ఆ కుటుంబంలో సరిపోయాయి. ఒక్క కుటుంబంతో ఏదీ రుజువు కాదు. అయినా ఇలాంటి పోకడ పేటలో మళ్ళీ మళ్ళీ కనబడినప్పుడు దాన్ని పట్టించుకోకపోవడం వైద్యునికి తగదు.

2022 సంక్రాంతి నాటికి ప్రశ్న మారింది. ఒమిక్రాన్ రకం వచ్చింది, సోకిన మూడు రోజులకే బయటపడేది. 15 నుంచి 18 ఏళ్ళ వారికి టీకా జనవరి 3న మొదలైంది, అరవై దాటి ఇతర జబ్బులున్న పెద్దలకు ముందుజాగ్రత్త డోసు జనవరి 10న మొదలైంది. డబ్బా పట్టుకుని తిరిగే చిన్నపిల్లలకు మాత్రం అప్పటికి టీకా లేదు. మహారాష్ట్ర ప్రభుత్వం జనవరి 8న ఉత్తర్వు ఇచ్చి బడులను మళ్ళీ మూసింది. తరగతి గదికి వెళ్ళవద్దన్న పిల్లలు తిళగూళ్‌కు మాత్రం వెళ్ళడమేమిటని కొందరు తండ్రులు పట్టుబట్టి పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టారు. అదే ఇళ్ళలో, సంక్రాంతి నుంచి రథసప్తమి వరకు సాగే పసుపుకుంకుమ పేరంటాలకు, మహారాష్ట్రలో హళదీకుంకూ అనే ఈ వేడుకకు, ఆడవారు పదిహేను ఇరవై మంది చొప్పున ముందు గదిలో చేరి, వాయనాలు అందుకుని, ఫలహారం తిని, గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు. ఆరుబయట తిరిగే పిల్లవాడిని ఆపి, మూసిన గదిలో పేరంటం నడపడం ప్రమాదాన్ని తలకిందులుగా కొలవడమే. పెద్దల వేడుకలు పెద్దల చేతిలో ఉంటాయి కనుక వాటికి మినహాయింపు దొరుకుతుంది, పిల్లల సరదాలకు దొరకదు. ఈ అన్యాయాన్ని మహమ్మారి ఆసాంతం అనేక చోట్ల చూడవలసి వచ్చింది.

పిల్లలను ఆపడానికి ఖర్చు ఉండదనుకోవడం సరికాదు. ఒక పన్నెండేళ్ళ అమ్మాయి ఆ రెండేళ్ళలో ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉండి అదీ అన్న చేతిలో ఉండడం వల్ల చదువు వదిలేసి తల్లి పక్కన కూర్చుని బీడీల మూతులు మడవడం నేర్చుకుంది. కడుపునొప్పి అని మూడుసార్లు క్లినిక్‌కు తెచ్చారు, పరీక్షల్లో ఏమీ తేలలేదు, ఈడు పిల్లలతో కలిసి ఆ సంక్రాంతికి గల్లీ తిరిగి వచ్చిన తరువాత మాత్రం నొప్పి మాట కొన్ని వారాల పాటు వినబడలేదు. మనసు బరువు పిల్లల్లో తరచు కడుపునొప్పిగా పలుకుతుందని వైద్యులకు తెలుసు, ఆ ఒంటరితనం కూడా జబ్బు లెక్కలోకి రావలసిందే.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం హాలోవీన్ కోసం 2020 సెప్టెంబరులో ఇచ్చిన సూచనల్లో మామూలుగా ఇంటింటికీ తిరిగి చేతి నుంచి మిఠాయి పుచ్చుకోవడాన్ని ఎక్కువ ప్రమాదంగా, విడివిడిగా కట్టిన పొట్లాలను ఇంటి ముందు వరుసగా పెట్టి పిల్లలు దూరం నుంచే తీసుకుపోవడాన్ని మధ్యస్థ ప్రమాదంగా వర్గీకరించింది. అక్కడ కొన్ని ఇళ్ళవారు పొడవాటి గొట్టంలోంచి మిఠాయిలు పిల్లల సంచుల్లోకి జారవిడిచారు. కుంఠా నాకాలో ఈ పద్ధతి యథాతథంగా పనిచేయదు, ఎందుకంటే ఇక్కడ పిల్లలు పుచ్చుకోవడానికి మాత్రమే కాదు, ఇవ్వడానికి వెళతారు, ఇచ్చి కాళ్ళు పట్టుకుంటారు, పెద్దవారు వంగి తల నిమురుతారు. ఆచరణలో నిలబడినది ఇంకొకటి: పెద్దవారు లోపలి నుంచి బయటికి వచ్చి అరుగు మీద కూర్చోవడం, పిల్లలు ఇద్దరు ముగ్గురుగా, ఒకే ఇంటివారుగా, మాస్కులతో పగటి వెలుతురులో వచ్చి నిమిషంలో వెళ్ళిపోవడం, ఫలహారం ఎవరింటికి వారు పట్టుకుపోవడం. తాత ఆయాసంతో మంచం మీద ఉన్న ఇంటికి పిల్లలు వెళ్ళకుండా తల్లిదండ్రులే డబ్బా అందించి రావడం. ఇది కష్టమైన సలహా కాదు, చెప్పిన వారిలో చాలామంది పాటించారు.

పాటించడం కష్టమైనది ఒక్కటే, జ్వరం వచ్చిన ఇల్లు తలుపు మూసుకోవడం. ఆ మాఘమాసంలో యాభై దాటిన ఒక బీడీ కార్మికురాలు క్లినిక్‌కు వచ్చి తనకు నీరసమని చెప్పింది. “జరమేం లేదు డాక్టర్‌సాబ్, పండుగ పనితోటి జర అలసట, అంతే,” అన్నది. రక్తంలో ప్రాణవాయువు శాతాన్ని వేలికి తగిలించి చూసే ఆక్సీమీటర్ మొదట ఏ అంకెనూ పట్టలేదు, ఆకు పసరూ తంబాకూ కలిసి గోరు చుట్టూ నల్లగా పట్టి ఉన్నాయి. స్పిరిట్‌తో తుడిచి మరో వేలికి పెడితే 86 అని చూపింది, ఆరోగ్యవంతులకు 95కు పైన ఉండాలి. ఆమె మాత్రం ఆయాసం లేనట్టే మాట్లాడుతోంది. ప్రాణవాయువు పడిపోతున్నా మనిషికి తెలియని ఈ స్థితి కోవిడ్‌లో ఎందరినో మోసగించింది. అడగ్గా అడగ్గా తేలిందేమంటే, అయిదు రోజులుగా జ్వరం ఉంది, మధ్యలో రెండు పేరంటాలకు వెళ్ళింది, వెళ్ళకపోతే వాడకట్టులో అనుమానిస్తారని. అనుమానం కార్ఖానా దాకా పోతే ఆమె చుట్టిన బీడీలను జమ చేసుకోరన్నది అసలు భయం. వెయ్యి బీడీల లెక్కన కూలి దొరికే పనిలో జమ లేని రోజు అంటే కూలి లేని రోజు. పేరంటానికి ఆమె సరదా కొద్దీ పోలేదు, ఆరోగ్యంగా ఉన్నట్టు కనబడడానికి పోయింది.

ఆమె ఆక్సిజన్ మీద పది రోజులుండి కోలుకుంది. కానీ ఇలాంటివారు ఎదురైనప్పుడల్లా పండుగకు వెళ్ళవచ్చా అన్న ప్రశ్న చిన్నదైపోతుంది. గడప ఇవతల నిలబడమని, అరుగు మీద కూర్చోమని చెప్పే సలహా అంతా జ్వరం ఉన్నవారు బయటికి రారన్న ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది. ఆ నమ్మకం జ్వరం ఒప్పుకుంటే తిండి పోని ఇళ్ళలోనే నిజమవుతుంది. నెల జీతం ఉన్న కుటుంబం ఫోన్ చేసి మా ఇంట్లో బాగోలేదు రావద్దు అని చెప్పగలదు. మగ్గం మీద గజాల లెక్కన, చాట మీద వేల లెక్కన బతికే కుటుంబం చెప్పలేదు. కనుక పిల్లల తిళగూళ్ గురించి వైద్యులను అడిగే అధికారులూ, సంఘాల పెద్దలూ, జ్వరం ఉన్న వారం రోజులకు సగం కూలి అయినా కార్ఖానా నుంచి గానీ సంక్షేమ నిధి నుంచి గానీ ఇప్పించగలరా అని కూడా చూడాలి. బీడీ కార్మికుల కోసం కేంద్రం 1976లోనే చట్టం చేసి సంక్షేమ నిధి ఏర్పరచింది, దాని కింద దవాఖానాలు నడుస్తున్నాయి, పిల్లలకు చదువు సాయం అందుతోంది. అంటువ్యాధి కాలంలో జ్వరం చీటీ తెచ్చినవారికి ఆ వారపు కూలి ఇవ్వడం ఆ నిధి ఉద్దేశానికి పరాయిది కాదు. అలా జరిగి ఉంటే వైద్యుడు ఆ చీటీని జ్వరం మొదలైన రోజే రాసి ఇవ్వగలిగేవాడు, ఆమె రెండో పేరంటానికి వెళ్ళి ఉండేది కాదు.