క్రిస్ప్ పేరు పక్కన 2

1973 మార్చి 31, లివర్‌పూల్ దగ్గరి ఎయింట్రీ. గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెంలో చివరి కంచె దూకేసరికి క్రిస్ప్ అనే గుర్రం అందరికన్నా చాలా ముందుంది. ఆపైన సత్తువ అయిపోయి కాళ్లు తడబడ్డాయి, దారి వదిలి పక్కకు ఒరిగింది. గీత రెండంగల్లో ఉందనగా రెడ్ రమ్ అనే గుర్రం దాన్ని దాటేసింది. ముప్పావు గుర్రం పొడవు తేడా!

గుర్రాల పాత ఫలితాలు రాసే ఫామ్ పట్టికలో క్రిస్ప్‌కు మిగిలింది ఒకే అంకె: 2. అది మోసిన బరువు 12 స్టోన్లు, అంటే 76 కిలోలు. రెడ్ రమ్ కన్నా పది కిలోలు ఎక్కువ. పైగా పాత రికార్డును ఆ రోజు రెండూ బద్దలుకొట్టాయి. ఇవేవీ ఆ అంకెలో కనబడవు.

కంచెల పందేల్లో గుర్రం పడితే ఎఫ్, రౌతు జారిపడితే యు, మధ్యలో ఆపేస్తే పి అని రాస్తారు. ఎఫ్ మొదటి కంచె దగ్గర పడ్డదా, గెలిచే ఊపులో చివరి కంచె దగ్గరా? నేల మెత్తగా ఉందా, గట్టిగానా? బెట్టింగ్ ధరల మీద గడిపే సమయంలో సగమైనా టీవీవాళ్లు వీటికి ఇవ్వాలి.

ఇలాంటి వివరాల మీద శ్రద్ధ ఎలా పనికొస్తుందో చూడండి: 1967 గ్రాండ్ నేషనల్‌లో 23వ కంచె దగ్గర గుర్రాలు గుంపుగా చిక్కుకుపోతే, వెనక వస్తున్న ఫోయినావన్ అనే గుర్రం సందు చూసుకుని దూకి, 100-1 ధరకు గెలిచింది. ఆ గందరగోళంలో వ్యాఖ్యాత మైకేల్ ఓహేర్ దాన్ని వెంటనే పోల్చుకున్నాడు. పందేనికి ముందే రౌతుల గదికి వెళ్లి, వాళ్ల చొక్కాల రంగులు చూసి పెట్టుకున్నాడాయన.